వారం మాత్ర

మన భాషలో ‘వారం’ అనే మాట గడుసుది. ఏడు రోజులు కలిస్తే ఒక వారం. ఆ ఏడింటిలో ఏ ఒక్క రోజును తీసుకున్నా అదీ ఒక వారమే: ఆదివారం, సోమవారం అంటూ. ‘‘వారం ఉండి వెళతాను’’ అన్న చుట్టం ఏడు రోజులూ ఉంటాడు. ‘‘ఇవాళ ఏ వారం?’’ అని అడిగితే మాత్రం ఒక్క రోజు పేరే చెబుతాం. వెనకటి రోజుల్లో పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం కరణంగారింట్లో, మంగళవారం ప్లీడరుగారింట్లో భోజనం. ఆ ఇంటికి ఆ కుర్రవాడు వారాలబ్బాయి. తన వారం నాడే వస్తాడు. మిగిలిన ఆరు రోజులూ ఆ గడప తొక్కడు.

మాటల్లో ఈ తికమక వల్ల ఎవరికీ నష్టం లేదు. కాని ఇదే మాట మందుచీటీ మీదికి ఎక్కినప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. నేను చెప్పబోయేది అటువంటి ఒక మందును గురించి.

దాని పేరు మెథోట్రెక్సేట్. పేరు నోరు తిరగనిదైనా మందు అరుదైనది కాదు. రుమటాయిడ్ కీళ్ళవాతానికీ, సోరియాసిస్ అనే చర్మవ్యాధికీ, అటువంటి మరికొన్ని జబ్బులకూ డాక్టర్లు మొదట తలచుకునే మందుల్లో ఇది ఒకటి. మా కాలనీలో నాకు తెలిసినంతలోనే నలుగురు దీనిని వాడుతున్నారు. ఆ నలుగురిలో ఒకరు మా ఆవిడ.

మేము నాచారంలో ఉంటాం. తొమ్మిదేళ్ళ క్రిందట మా ఆవిడకు ఉదయం లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోవడం మొదలయింది. జడ అల్లుకోవడానికి చేతులు సాగేవి కావు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. ఎండ ఎక్కిన తరువాత గాని పిడికిలి మూసుకునేది కాదు. వయసు వచ్చిందనీ, నీళ్ళలో పని ఎక్కువయిందనీ తలా ఒక మాట అన్నారు. చివరకు పెద్ద ఆస్పత్రికి వెళ్ళి రక్తపరీక్షలు చేయిస్తే, ఇది అరుగుదల వల్ల వచ్చిన కీళ్ళనొప్పి కాదనీ, శరీరంలోని రక్షణశక్తి దారి తప్పి సొంత కీళ్ళమీదనే తిరగబడడమనీ తేలింది. మా డాక్టరుగారు దానిని చక్కగా చెప్పారు: ‘‘మీ ఇంటి కాపలావాడు ఇంటివాళ్ళనే దొంగలనుకుని కర్ర ఎత్తాడమ్మా. వాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యలేం. తీసేస్తే నిజం దొంగలు వస్తారు. అందుకని వాడి చేతిలో కర్ర కాస్త కిందికి దింపుతాం.’’

ఈ మందు చేసే పని అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఈ మందుతో వచ్చే ప్రమాదమంతా కూడా అందులోనే ఉంది. కర్ర మరీ కిందికి దిగిపోకూడదు.

భీమవరం అబ్బాయి చలవ

టార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వచ్చే దారిని ప్రయోగశాలల వీధి అనవచ్చు. రసాయనశాస్త్రానికి ఐఐసీటీ, భూగర్భానికి ఎన్‌జీఆర్‌ఐ, జీవకణాలకు సీసీఎంబీ వరుసగా కనిపిస్తాయి. టార్నాక దగ్గరనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1958లో కూనూరు నుంచి మన నగరానికి తరలివచ్చింది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, ఇవేవీ ఈ దారిలో లేనప్పుడే 1923లో మందులు కనిపెట్టాలని అమెరికా వెళ్ళిన ఒక తెలుగువాడు నాకు జ్ఞాపకం వస్తాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. చదువు రాజమండ్రిలోను, మద్రాసులోను. ‘స్ప్రూ’ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములలో ఇద్దరిని కొద్ది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బు ఆయననూ పట్టుకుంటే, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారు నయం చేశారు. తరువాత సుబ్బారావుగారు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పి, ఆ మీదట బోస్టన్‌కు ఓడ ఎక్కారు.

1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తోటకూర, పాలకూర, పెసలు వంటి వాటిలో సహజంగా ఉండే విటమిను అది. శరీరంలో కొత్త కణం పుట్టాలంటే అది ఉండి తీరాలి. రక్తం, నోటిలోపలి పొర, పేగుల పొర రోజూ కొత్తగా తయారవుతూ ఉండేవి కనుక వాటికి దీని అవసరం మరీ ఎక్కువ.

ఆ తరువాత అదే బృందం దానికి విరోధిని కూడా తయారుచేసింది. చూపులకు ఫోలిక్ యాసిడ్ లాగే ఉండి, దాని పీట మీద తాను కూర్చుని, దాని పని సాగనివ్వని పదార్థం. ఆ వరుసలో ఎమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మంది పిల్లల్లో 10 మందికి, కొంతకాలం పాటయినా జబ్బు నెమ్మదించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. మెథోట్రెక్సేట్ ఆ ఎమినాప్టెరిన్‌కు తోబుట్టువు. సుబ్బారావుగారు ఆ 1948 ఆగస్టులోనే, 53 ఏళ్ళకే కన్నుమూశారు. 1951లో ఇదే జాతి మందు కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కూ పనిచేస్తుందని అమెరికా డాక్టర్లు గమనించారు. ఎన్నో పరీక్షల తరువాత 1988లో అక్కడి ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి మందుగా అంగీకరించింది.

చిత్రమేమిటంటే, మెథోట్రెక్సేట్ రాసిన డాక్టరు అదే చీటీలో ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తాడు. ఒక రోజు విరోధి, మరో రోజు విటమిను. మందు తన పని తాను చేస్తుంది. విటమిను నోటిపూత, వికారం, కాలేయానికి వచ్చే ఇబ్బంది తగ్గిస్తుంది. రెండూ మన సుబ్బారావుగారి చేతి చలవే. మా ఆవిడ పెట్టెలో అవి పక్కపక్కనే ఉంటాయి.

ఒక చిక్కు కూడా ఉంది. చాలా కంపెనీల తయారీలో ఈ రెండూ పసుపుపచ్చని చిన్న మాత్రలే. దీపం వెలుగులో, కళ్ళజోడు లేకుండా చూస్తే కవల పిల్లలే. దేనికి బదులు ఏది పడినా కథ మారిపోతుంది.

వారానికొకసారి ఎందుకు?

మెథోట్రెక్సేట్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు. ఒకటి రెండు రోజుల్లోనే చాలా భాగం మూత్రంలో వెళ్ళిపోతుంది. కాని కణాల లోపలికి చేరిన భాగం మాత్రం అక్కడ ముడి వేసుకుని చాలా రోజులు నిలుస్తుంది. అందుకే వారంలో ఒక్కసారి వేసుకుంటే ఏడు రోజులూ పని జరుగుతుంది. తక్కిన ఆరు రోజులూ ఎముకల మూలుగ, నోరు, పేగులు తేరుకుంటాయి. ఆ ఆరు రోజుల విరామం కూడా వైద్యంలో భాగమే. రోజూ వేసుకుంటే ఆ విరామం పోతుంది. కీళ్ళవాతానికి సాధారణంగా వారం మొత్తానికి కలిపి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల లోపే ఇస్తారు. అదే మోతాదు రోజువారీ పడితే తెల్లకణాలు, పళ్ళేలు పడిపోతాయి. ఈ పొరపాటు వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. 2019లో ఐరోపా మందుల నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా దీని మీదనే కొత్త కట్టుబాట్లు పెట్టి, వారానికి ఒకసారే అన్న హెచ్చరిక పెట్టె మీదా లోపలి అట్ట మీదా కనపడాలని చెప్పింది.

అదంతా ఎక్కడో జరిగేదని నేను అనుకోవడం లేదు. మా వీధిలోనే జరిగింది.

మా వీధి చివర ఇంట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. మేమంతా పిన్నిగారు అంటాం. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. ఆమె కీళ్ళనొప్పులకు ఎక్కడో చూపించుకున్నారు. ఈ మాత్ర రాశారు. మందు చేతికిచ్చిన మనిషి ‘‘ఇది వారం మాత్రమ్మా’’ అన్నాడట. చెప్పినవాడి ఉద్దేశం వారానికొకటి అని. పిన్నిగారికి అర్థమయింది వారం రోజులు వేసుకోమని. జ్వరానికి మూడు రోజులు, గొంతునొప్పికి అయిదు రోజులు, దీనికి వారం. ఆమె లెక్కలో అబద్ధమేమీ లేదు. తెలుగు తెలిసిన ఎవరికయినా అలాగే తోచవచ్చు.

ఆరో రోజుకు నోరంతా పూసింది. మజ్జిగ మింగినా మంట. వేడి చేసిందనుకుని సబ్జా నానబోసుకు తాగారు. పెరుగన్నం కూడా దిగడం లేదని తెలిసి మా ఆవిడ చూడబోయింది.

‘‘పిన్నిగారూ, ఈ మధ్య కొత్తగా ఏమయినా మందు వాడుతున్నారా?’’ అని అడిగింది.

‘‘ఆఁ, కీళ్ళకని ఇచ్చారమ్మా. వారం మాత్రలు. ఇంకొక్కటే మిగిలింది’’ అని ఆమె అట్ట తీసి చూపించారు.

ఆరు గుంటలు ఖాళీ. మా ఆవిడ ఆ అట్ట మీది పేరు చదివి, అక్కడినుంచే నాకు ఫోను చేసింది. ‘‘ఏమండీ, ఆటో తీసుకురండి. చెప్పులు వేసుకుని వచ్చెయ్యండి. మాటలు తరువాత.’’

ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు, పళ్ళేలు బాగా పడిపోయి ఉన్నాయి. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఇచ్చారు. అది ఫోలిక్ యాసిడ్‌కే ఇంకొక రూపం. విరోధి కూర్చున్న పీటను తప్పించుకుని పక్కదారిన పని సాగిస్తుంది. జ్వరం రాకుండా కాచుకున్నారు. కొడుకు రాత్రి బస్సులో దిగాడు. పదిహేను రోజులకు పిన్నిగారు ఇంటికి వచ్చారు. ఇంకో రెండు రోజులు ‘వేడి’ అనుకుని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇక్కడ రాయను.

అప్పటినుంచి ఈ మాత్ర వాడే ప్రతివారితోను నేను చెప్పేది ఒకటే. ‘వారం’ అని ఊరుకోకండి. రోజు పేరు పెట్టండి. ‘శనివారం రాత్రి భోజనం తరువాత’ అని తెలుగులో, పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయించుకోండి. డాక్టరుగారి చేత చీటీ మీద కూడా రాయించండి. ఇది వారాలబ్బాయి, తన వారం నాడే రావాలి. మా ఆవిడకు శనివారం ఒంటిపూట కనుక ఆ రోజు పెట్టుకుంది. స్వామివారితోపాటు మాత్ర కూడా జ్ఞాపకం ఉంటుంది. మీకు ఏ రోజు వీలో అది పెట్టుకోండి. కాని రోజువారీ మాత్రల డబ్బాలో దీనిని కలపకండి. 2.5 మిల్లీగ్రాముల మాత్ర ఉంది, 10 ఉంది, మధ్యలో మరికొన్ని ఉన్నాయి. అట్ట మారినప్పుడల్లా అంకె చూడండి. ఒక వారం మరచిపోతే మరుసటి వారం రెండు మోతాదులు కలిపి వేసుకోకూడదు. డాక్టరుకు ఫోను చేసి అడగాలి.

మందుకూ సావాసదోషం ఉంది

మనిషి మంచివాడైనా సావాసం చూసుకోమంటారు పెద్దలు. ఈ మందుకు ఆ సామెత సరిగ్గా సరిపోతుంది.

మొదటి చెడ్డ సావాసం: సెప్ట్రాన్, బ్యాక్ట్రిమ్ అనే పేర్లతో మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన మాత్ర. మూత్రంలో మంటకూ, విరేచనాలకూ చాలాకాలంగా వాడుతున్నదే. అందులోని ట్రైమిథోప్రిమ్ కూడా ఫోలిక్ యాసిడ్ దారికే అడ్డం పడుతుంది. పైగా ఈ మాత్ర మెథోట్రెక్సేట్‌ను మూత్రపిండాల్లోంచి బయటికి పోనివ్వదు. రెండూ కలిస్తే, కొద్ది రోజుల్లోనే ఎముకల మూలుగ దెబ్బతిని రక్తం తయారుకావడం ఆగిపోవచ్చు. పెద్దవయసు వారికి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నవారు ఈ ఒక్క పేరు బట్టీ పట్టవలసిందే. మూత్రంలో మంట అని ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు ఈ సంగతి చెప్పాలి. ఆ జబ్బుకు వేరే మందులున్నాయి.

రెండవది నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కీళ్ళ డాక్టరే మెథోట్రెక్సేట్‌తోపాటు ఇస్తూ ఉంటారు. మోతాదు చూసి, మూత్రపిండాల పరీక్ష చూసి ఇస్తారు కనుక ఫరవాలేదు. కాని నాచారం చౌరస్తాలో షాపువాడిని ‘‘నడుం నొప్పికి ఏదన్నా గట్టిది ఇయ్యి’’ అని అడిగి తెచ్చుకుని, ఉన్నదాని మీద ఇంకొకటి వేసుకోవడం వేరు. ఆ మాత్రలు మూత్రపిండాలను బిగబడతాయి. మెథోట్రెక్సేట్ లోపలే నిలిచిపోతుంది. గుండె డాక్టరు రాసిన చిన్న ఆస్పిరిన్‌ను మాత్రం ఇది చదివి మీరంతట మీరు మానకండి. ఇద్దరు డాక్టర్లకూ చెప్పండి, చాలు. పెన్సిలిన్ జాతి మందులు, గ్యాసు మాత్రలు కూడా చెప్పవలసిన జాబితాలోవే.

మూడవది మన ఎండ. ఏప్రిలు, మే నెలల్లో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సుకోసం అరగంట నిలబడిన వారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఒంట్లో నీరు తగ్గితే మందు బయటికి పోవడం తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న వారంలో ఆ మాత్ర వేసుకోవచ్చునా, మానాలా అని డాక్టరును అడిగి గాని వేసుకోకూడదు.

నాలుగవది మద్యం. కాలేయం మీద రెండు బరువులు ఒక్కసారి పెట్టకూడదు. ‘‘పండక్కి ఒక్క పెగ్గేగా’’ అనే బావమరదులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళ కాలేయం కాదు కదా అది!

అయిదవది ‘ఆకే కదా, ఏం చేస్తుంది?’ అనే ధీమా. కోవిడ్ రోజుల్లో రోగనిరోధకశక్తి పెరగాలని తిప్పతీగ కషాయం తాగని వీధి లేదు. 2021లో ముంబయి కాలేయ వైద్యులు తిప్పతీగ వాడిన 6 గురికి కాలేయం దెబ్బతిన్నదని ప్రకటించారు. మరుసటి సంవత్సరం దేశంలోని 13 వైద్యకేంద్రాలు కలిసి 43 మంది సంగతి ప్రచురించాయి. రక్షణశక్తి తనమీదనే తిరగబడే జబ్బు ముందునుంచి ఉన్నవారు కూడా వారిలో ఉన్నారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదం అలా ఉంచండి. మన విషయంలో లెక్క తేలికైనది: కాపలావాడి చేతిలో కర్ర దింపడానికి ఒక మందు వేసుకుంటూ, మళ్ళీ ఆ కర్ర ఎత్తించే కషాయం తాగడమెందుకు? ఆయుర్వేదమయినా, హోమియో అయినా వాడుకోదలిస్తే, ఇచ్చే వైద్యుడికి మెథోట్రెక్సేట్ సంగతి చెప్పాలి, కీళ్ళ డాక్టరుకు ఆ మందు సంగతి చెప్పాలి.

జ్వరం, టీకా, పురుడు

ఈ మందు వేసుకునేవారికి వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరంగా చూడకూడదు. జ్వరం, నోటిపూత, కారణం లేకుండా ఒంటిమీద కమిలిన మచ్చలు, పొడిదగ్గుతో ఆయాసం, కళ్ళు పచ్చబడడం - వీటిలో ఏది కనిపించినా ఆ వారం మాత్ర వేసుకోకుండా ముందు డాక్టరుకు చూపించాలి. మన దేశంలో క్షయ ఇంకా పోలేదు కనుక విడవని దగ్గును, సాయంకాలపు జ్వరాన్ని, బరువు తగ్గడాన్ని అసలే ఉపేక్షించకూడదు.

మందు మొదలుపెట్టేముందు రక్తం, కాలేయం, మూత్రపిండాలు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. తరువాత మొదటి మూడు నెలలూ రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, ఆపైన క్రమంగా మూడు నెలలకొకసారి రక్తపరీక్ష ఉంటుంది. ‘‘బాగానే ఉన్నాను, పరీక్ష ఎందుకు? డబ్బు దండగ’’ అనే మాట మా ఇంట్లోనూ వినిపించింది. కాలేయం అలిగినా పైకి చెప్పదు. రక్తపరీక్షే దాని మాట మనకు చేరవేసేది.

టీకాలలో రెండు రకాలు. ప్రాణంతో ఉన్న క్రిములను బలహీనపరచి ఇచ్చేవి ఒకటి: పొంగు, ఆటలమ్మ టీకాల వంటివి. రక్షణశక్తి తగ్గించే మందు మీద ఉన్నప్పుడు డాక్టరు చెప్పకుండా అవి వేయించుకోకూడదు. ప్రాణమున్న క్రిములు లేని ఫ్లూ ఇంజెక్షను, న్యుమోనియా ఇంజెక్షను రెండో రకం. అవి వేయించుకోవచ్చు, వేయించుకోవడం మేలు కూడా.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది పిల్లలు కనవలసిన వయసులోని స్త్రీలను గురించి. ఈ మందు కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. గర్భం కోరుకునేవారు ముందే డాక్టరుకు చెప్పి, మందు ఆపి, ఆయన చెప్పినన్ని నెలలు ఆగాలి. భర్త వాడుతున్నా డాక్టరుకు చెప్పవలసిందే. కొత్తకోడలు ఇంట్లో ఉంటే, అత్తగారి మాత్ర విరిచి పొడిచేసి ఇచ్చే పని ఆమెకు అప్పగించకండి.

ఈ జాగ్రత్తలు ఒక్క మెథోట్రెక్సేట్‌కే కాదు. ఎజాథయోప్రిన్ వాడేవారికి గౌట్ అనే కీళ్ళజబ్బుకు ఇచ్చే ఎల్లోప్యూరినాల్ కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. తప్పనిసరయితే మోతాదు బాగా తగ్గించి ఇవ్వాలి. ఆ రెండు మందులూ అమెరికాలో గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ బృందం తయారుచేసినవే. వారిద్దరికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక చోట పుట్టినంత మాత్రాన ఒక కడుపులో ఇమడాలని లేదు! మూత్రపిండం మార్పిడి అయినవారు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్‌లకు గ్రేప్‌ఫ్రూట్ పడదు; దాని దాయాది మన పంపరపనస కూడా పడదు. వినాయకచవితి పాలవెల్లికి కట్టుకోండి, తినవద్దు. ఏళ్ళతరబడి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు కంటి పరీక్ష మానకూడదు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టీరాయిడు మాత్రలు నొప్పి తగ్గిందని ఒక్కసారిగా ఆపకూడదు.

మొత్తం తెలిసినవారెవరు?

ఇంతకూ ఈ జాగ్రత్తలన్నీ చూడవలసింది ఎవరు? కీళ్ళ డాక్టరుకు కీళ్ళ మందులు తెలుసు. మూత్రంలో మంటకు మందు రాసిన డాక్టరుకు కీళ్ళ సంగతి తెలియదు. పన్ను పీకే డాక్టరు పన్నే చూస్తాడు. ఫ్యాక్టరీ పనివాళ్ళు నాచారం ఇ.ఎస్.ఐ. ఆస్పత్రిలో ఒక మందు తీసుకుని, ఇంటి దగ్గర క్లినిక్కులో ఇంకొకటి తీసుకోవచ్చు. మందులషాపు ఒకటి ఉప్పల్లో, ఒకటి హబ్సిగూడలో. అందరూ చదువుకున్నవారే, అందరూ మంచివారే. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క కనిపిస్తుంది. అన్ని ముక్కలూ కలిసేది ఒక్క చోటనే: మన ఇంట్లో, మన మాత్రల డబ్బాలో.

అందుచేత మందుల లెక్క ఇంటివారే రాసుకోవాలి. పెద్ద విద్య ఏమీ అక్కరలేదు. పాలలెక్క రాసుకున్నట్టే. ఒక కాగితం తీసుకోండి. పైన రోగి పేరు, జబ్బు పేరు. కింద ప్రతి మందు పేరూ, ఎన్ని మిల్లీగ్రాములో, ఏ పూటో. మెథోట్రెక్సేట్ ఎదురుగా రోజు పేరు, దాని చుట్టూ ఎర్ర సున్నా. దాని కిందనే ‘సెప్ట్రాన్ ఇవ్వకూడదు’ అని ఒక వాక్యం. కషాయాలు, గ్యాసు మాత్రలు, నొప్పి మాత్రలు కూడా దాచకుండా రాయండి. చివరి రక్తపరీక్ష తేదీ, రావలసిన పరీక్ష తేదీ. ఈ కాగితానికి రెండు ప్రతులు: ఒకటి పర్సులో, ఒకటి మందుల డబ్బా మూతకు లోపల. దూరాన ఉన్న పిల్లలకు ఫోనులో ఒక ఫోటో పంపండి. ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా, నాడి చూడడానికి చెయ్యి చాపేముందు ఆ కాగితం చాపండి. మందు పడక ఏదయినా జరిగితే డాక్టరు చేత నివేదిక పంపించండి. మన దేశంలో అందుకోసమే ఘాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా సంస్థ 1800-180-3024 అనే ఉచిత ఫోనును నడుపుతున్నది. మీ ఒక్క నివేదిక ఇంకొకరికి హెచ్చరిక కావచ్చు.

ఇదంతా చదివి మందును చూసి భయపడితే నేను రాసిన దానికి ఫలం లేదు. మా ఆవిడ ఇప్పుడు తెల్లవారి లేచి ముగ్గు వేస్తుంది. చుక్కల ముగ్గే, గీతలు తిన్నగానే వస్తాయి. ఆ గీతల వెనక తొమ్మిదేళ్ళ శనివారాలు, వరుస తప్పని రక్తపరీక్షలు ఉన్నాయి. మందు మానుకుంటే ఆ వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయి. ఇష్టం వచ్చినట్టు వేసుకుంటే అంతకంటే పెద్దదే పోతుంది. ఇంట్లో ఎవరయినా ఈ మాత్ర వాడుతూ ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ఒక్కసారి వెళ్ళి ఆ అట్ట తీసి చూడండి. దాని మీద రోజు పేరు లేకపోతే, కలం తీసుకుని ఇప్పుడే రాయండి.